వ్యవసాయ ఎగుమతులు పెరగాలంటే ప్రభుత్వం ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత

మన పంటలు విదేశాలకి పోవాలని అందరూ అంటారు, పోవాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే మాత్రం సబ్సిడీ, ఫుడ్ పార్క్, కోల్డ్ స్టోరేజ్ అనే మూడు మాటల దగ్గరే ఆగిపోతారు. ఇది ఎఫ్‌పీఓలు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు) నడిపేవాళ్ల కోసం, జిల్లాల్లో హార్టికల్చర్, మార్కెటింగ్ పనులు చూసేవాళ్ల కోసం, ఎమ్మెల్యేలకో ఎంపీలకో పాలసీ నోట్లు రాసిపెట్టే కుర్రాళ్ల కోసం రాస్తున్నా. ఆ మూడూ అక్కర్లేదని అనట్లేదు, కానీ వాటికంటే ముందు చెయ్యాల్సిన పనులున్నాయి, వాటికి పెద్దగా డబ్బు కూడా పట్టదు, అవి వదిలేసి బిల్డింగులు కట్టుకుంటూ పోతే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

ముందు ఒక లెక్క చూడండి. 2018 డిసెంబర్లో కేంద్రం వ్యవసాయ ఎగుమతుల పాలసీ తెచ్చింది, అప్పటికి 30 బిలియన్ డాలర్ల పైచిలుకు ఉన్న ఎగుమతుల్ని 2022 కల్లా 60 బిలియన్లు దాటించాలని టార్గెట్. 2022-23లో 53 బిలియన్ల దాకా వెళ్లాం, అంటే అందినంత దూరంలోకి వచ్చేశాం, తర్వాతి ఏడాదే మళ్లీ 48 బిలియన్ల దగ్గరికి దిగాం. వానలు సరిగ్గా పడలేదు నిజమే, కానీ గోధుమ, బియ్యం, చక్కెర, ఉల్లి ఈ నాలుగింటి మీదా అప్పటికి మనమే ఆంక్షలు పెట్టుకుని కూర్చున్నాం. ఎగుమతి విధానం నిలకడగా ఉండాలి, ప్రభుత్వం మాటిమాటికీ వేలు పెట్టకూడదు అని ఆ 2018 పాలసీలోనే రాసుంది మరి.

మొదటి పని: రాత్రికి రాత్రి నిషేధాలు ఆపడం

2022 మే 13న గోధుమల ఎగుమతి ఆపేశారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపేశారు. ప్రపంచంలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే బియ్యంలో సుమారు 40 శాతం మనదే, అలాంటి దేశం ఒక్క నోటిఫికేషన్‌తో ఆపేస్తే అవతల కొనేవాడు ఏం చేస్తాడు, వియత్నాం వాడికో థాయిలాండ్ వాడికో ఫోన్ చేస్తాడు. మనం మళ్లీ 2024 సెప్టెంబర్ 28న గేటు తీశాం, తీసినంత మాత్రాన వాళ్లందరూ వెనక్కి వచ్చేస్తారని గ్యారంటీ ఏం లేదు. కాకినాడలో మిల్లర్లు, ఎగుమతిదార్లు, లారీ ఓనర్లు, హమాలీలు అందరూ ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి బతుకుతున్నారు.

నిషేధం వచ్చిన వారంలో అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టి సోనా మసూరి బస్తాలు ఎత్తుకెళ్లిన వీడియోలు మీరూ చూసే ఉంటారు, కొన్ని షాపుల్లో ఇంటికి ఒక బస్తానే అని బోర్డు పెట్టారు. అదే టైంలో బాస్మతికి నిషేధం లేదు, నెల తర్వాత టన్నుకి 1200 డాలర్ల కనీస ధర మాత్రం పెట్టారు. ఎందుకంటే బాస్మతికి కస్టమ్స్‌లో సొంత కోడ్ (సరుకుని గుర్తుపట్టే నంబర్) ఉంది. సోనా మసూరి, బీపీటీ లాంటి మన సన్నాలకి అప్పటికి అలాంటిది లేదు, టన్ను రేటు ఎంత తేడా ఉన్నా అన్నీ కలిపి బాస్మతి కాని తెల్ల బియ్యం అనే ఒకే గంపలో పడ్డాయి.

దీనికంటే బాధగా అనిపించేది కడప జిల్లా కేపీ ఉల్లి కథ. కృష్ణాపురం ఉల్లి అంటారు, ఘాటు బాగా ఎక్కువ, మన దగ్గర కూరకి దాన్ని పెద్దగా ఎవరూ కొనరు, పండేదంతా దాదాపుగా థాయిలాండ్, మలేషియా, సింగపూర్ వైపు పోవడానికే పండిస్తారు. 2020 సెప్టెంబర్లో దేశంలో ఉల్లి రేట్లు పెరుగుతున్నాయని మొత్తం ఉల్లి ఎగుమతులు ఆపేస్తే దీన్నీ ఆపేశారు. ఢిల్లీలో ఉల్లి రేటు తగ్గడానికి కేపీ ఉల్లి ఏ మాత్రం పనికిరాదు, ఎవరూ తినరు కాబట్టి. రైతులు మొత్తుకున్నాక అక్టోబర్ 9న 10,000 టన్నుల వరకు, అది కూడా చెన్నై పోర్టు నుంచే పంపుకోండని మినహాయింపు ఇచ్చారు. ఈ మధ్యలో పొలంలో పీకేసిన ఉల్లి ఏం కావాలి? ఉల్లి ఫైలు కదిలేదాకా ఆగదు కదా.

కాబట్టి పాలసీ నోట్ రాస్తే మొదటి పేజీలో ఇవి పెట్టండి. ఎగుమతి మీద ఏ ఆంక్ష పెట్టినా కనీసం మూడు నెలల ముందు చెప్పాలి, అప్పటికే ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) ఓపెన్ అయిన కాంట్రాక్టులన్నీ పూర్తి చేసుకోనివ్వాలి. మొత్తం నిషేధం బదులు ముందే ప్రకటించిన సుంకాల పట్టిక ఉండాలి, అంటే కేంద్రం తరఫున ధాన్యం నిల్వ చేసే ఎఫ్‌సీఐ గోడౌన్లలో నిల్వ ఇంతకంటే తగ్గి, మార్కెట్లో ధర ఇంత దాటితే ఇంత శాతం ఎగుమతి సుంకం అని, అప్పుడు వ్యాపారి కూడా నిల్వ లెక్కలు చూసుకుని ముందే జాగ్రత్త పడతాడు. దేశంలో పెద్దగా వాడకం లేని రకాలకి, రేటు బాగా ఎక్కువ పలికే రకాలకి విడి కోడ్‌లు ఇచ్చి మామూలు నిషేధాల నుంచి పక్కన పెట్టాలి.

ఇక్కడ వచ్చే ప్రశ్న న్యాయమైనదే, బియ్యం ధర పెరిగితే కూలి చేసుకునేవాళ్ల సంగతేంటి అని. వాళ్లని కాపాడాల్సిందే, దానికి రేషన్ బియ్యం ఉంది, ఎఫ్‌సీఐ నిల్వల్ని మార్కెట్లోకి వదలడం ఉంది, ఆ భారం ప్రభుత్వం మొయ్యాలి. ఎగుమతి ఆపి ధర తగ్గించడం అంటే ఆ భారాన్ని రైతు నెత్తిన వెయ్యడమే, పైగా ఎంత వేశామో ఏ బడ్జెట్లోనూ కనపడదు.

రెండో పని: పరీక్ష పోర్టులో కాకుండా పొలంలో జరగాలి

గుంటూరు యార్డుకి వచ్చే మిరపకాయలో తేజ రకానికి చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, మలేషియా లాంటి చోట్ల మంచి గిరాకీ ఉంది. యూరప్ మాత్రం కష్టం, ఎందుకో తెలియాలంటే కల్లం దగ్గరికి వెళ్లాలి. కోసిన కాయని నేల మీదో పట్టాల మీదో ఆరబోస్తారు, తేమ 10-11 శాతానికి దిగేదాకా ఎండాలి, రాత్రి మంచు పడుతుంది, మధ్యలో ఒక వాన కొట్టిందా బూజు మొదలవుతుంది. ఎండిన కాయ టిక్కీల్లో (బస్తాల్లో) తొక్కేటప్పుడు పగిలి గింజ రాలకుండా నీళ్లు చిలకరించే అలవాటు ఇంకా ఉంది. ఆ తడితో కోల్డ్ స్టోరేజ్‌కి పోయిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవ్వొచ్చు, కంటికి ఏం కనపడదు. యూరప్ వాడి లిమిట్ మసాలా దినుసుల్లో బీ1 రకం అఫ్లాటాక్సిన్ 5 పీపీబీ, మొత్తం కలిపి 10 పీపీబీ. పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. కల్లంలో జరిగినదాన్ని హాంబర్గ్ పోర్టులో పట్టుకుంటే కంటైనర్ వెనక్కి రావడమే తప్ప బాగుచెయ్యడం ఉండదు.

దానికి తోడు మందులు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రైతులు ఏది దొరికితే అది కొట్టారు, వాళ్లని తప్పుపట్టలేం, పంట కళ్లముందు పోతోంది, సలహా ఇచ్చేది పురుగుమందుల షాపతను, అతనికి ఏ దేశంలో ఏ మందు అవశేషం ఎంతవరకు ఒప్పుకుంటారో తెలిసే అవకాశమే లేదు.

దీన్ని బాగుచేసిన పంట ఒకటి మన దేశంలోనే ఉంది, నాసిక్ వైపు ద్రాక్ష. 2003లో మన ద్రాక్షలో పురుగుమందు అవశేషాలు ఉన్నాయని యూరప్ తిప్పి పంపింది. అప్పుడు వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా, పుణె ద్రాక్ష పరిశోధన కేంద్రం, మహారాష్ట్ర ప్రభుత్వం కలిసి తోటలకి రిజిస్ట్రేషన్ మొదలుపెట్టాయి, 2006లో గ్రేప్‌నెట్ అనే ఆన్‌లైన్ సిస్టం వచ్చింది. పద్ధతి సింపులే: ప్రతి తోటకి ఒక నంబర్, కోతకి ముందు ల్యాబ్ వాళ్లే తోటకొచ్చి శాంపిల్ తీసుకెళ్తారు, రిజల్ట్ సిస్టంలో ఎక్కుతుంది, ఫెయిల్ అయితే ఆ తోట పండుకి యూరప్ సర్టిఫికెట్ రాదు, పాస్ అయితే బాక్స్ మీద నంబర్ చూసి ఏ తోటదో వెనక్కి కనుక్కోవచ్చు. 2010లో క్లోర్మెక్వాట్ అనే గ్రోత్ రెగ్యులేటర్ వల్ల మళ్లీ పెద్ద దెబ్బ తగిలింది, కానీ సిస్టం అప్పటికే చేతిలో ఉంది కాబట్టి ఆ కెమికల్‌ని కూడా పరీక్షల లిస్టులో చేర్చి నిలబడగలిగారు. సిస్టం లేకపోయి ఉంటే ఆ ఏడాదితో యూరప్ మార్కెట్ చేజారిపోయేదని నా ఉద్దేశం.

మిరప, పసుపు, మామిడికి ఇదే చెయ్యాలి, మొత్తం రాష్ట్రానికి ఒకేసారి అవసరం లేదు, ఎగుమతికి పంపాలనుకునే రైతులకే. జిల్లాలో చెయ్యాల్సింది ఇలా: సీజన్‌కి ముందే ఆ పంటకి ఏ దేశంలో ఏ మందు ఎంత వరకు ఒప్పుకుంటారో ఒక్క పేజీలో తెలుగులో రాసి రైతు సేవా కేంద్రాల్లో, ప్రతి మందుల షాపులో అంటించండి, కోతకి ఎన్ని రోజుల ముందు స్ప్రే ఆపాలో దాంట్లోనే ఉండాలి. పరీక్ష ఖర్చు మొదటి మూడేళ్లు ప్రభుత్వం పెట్టుకోవాలి. సబ్సిడీ ఎక్కడన్నా ఇవ్వాలంటే ఇక్కడ ఇవ్వండి. పట్టాలు, సోలార్ డ్రైయర్లు ఇచ్చేటప్పుడు కూడా అప్లై చేసినవాళ్లందరికీ ఒక్కొక్కటి పంచే బదులు పది ఇరవై మంది రైతులు ఒకే దగ్గర కాయ ఆరబోసుకునేలా సిమెంటు కల్లాలు కడితే తేమ మీటర్ పెట్టి చూసే మనిషిని కూడా ఒకర్ని పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పాస్ అయిన కాయకి యార్డులో వేరే లాట్, వేరే రేటు ఉండాలి. తాలు ఏరి, ఆరబెట్టి, మందు తగ్గించిన రైతుకీ, నీళ్లు చల్లిన రైతుకీ ఒకే రేటు పలికితే వచ్చే ఏడాది ఎవరూ ఆ శ్రమ పడరు.

రొయ్యల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండు

1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తాలో టైగర్ రొయ్య సాగు కుప్పకూలింది. మళ్లీ లేచి నిలబడింది 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకి అనుమతి ఇచ్చాక. అప్పుడు ప్రభుత్వం చేసిన పని ఏంటంటే విదేశీ తల్లి రొయ్యల్ని ఎవరు పడితే వాళ్లు తెచ్చుకోనివ్వలేదు, రోగం లేదని తేలిన స్టాక్ మాత్రమే, ముందే గుర్తించిన కంపెనీల నుంచే, అది కూడా చెన్నై దగ్గర నీలాంకరై క్వారంటైన్ దాటాకే హేచరీలకి (రొయ్య పిల్లల్ని తయారుచేసే కేంద్రాలకి) వెళ్లాలి. తలుపు తీశారు, తలుపు దగ్గర మనిషిని పెట్టారు. మిగతాది భీమవరం, నెల్లూరు రైతులు, హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు చూసుకున్నాయి. 2023-24లో దేశం నుంచి పోయిన ఫ్రోజెన్ రొయ్య విలువ 4.88 బిలియన్ డాలర్లు, పండించే రాష్ట్రాల్లో ఆంధ్రదే మొదటి స్థానం.

రెండో పాఠం చేదుది. ఆ రొయ్యల్లో పెద్ద వాటా ఒక్క అమెరికాకే పోతోంది. యాంటీబయాటిక్స్ దొరుకుతున్నాయని యూరప్ 2016 నుంచి మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి శాంపిల్స్ తియ్యడం మొదలుపెట్టింది, ఆ ఖర్చు, ఆ ఆలస్యం పడలేక చాలామంది అమెరికా వైపే ఉండిపోయారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతానికి చేరేసరికి, ఈక్వెడార్‌కి అప్పుడు 15 శాతమే, చెరువు గట్టు మీద కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధరలు) పడిపోయాయి, ఫీడ్ రేటు, కరెంటు బిల్లు మాత్రం అలాగే ఉన్నాయి. యాంటీబయాటిక్ సమస్యని పదేళ్ల ముందే గట్టిగా పట్టుకుని ఉంటే యూరప్ దారి అప్పటికే తెరిచి ఉండేది. కొత్త మార్కెట్ అనేది కష్టం వచ్చిన రోజు వెతికితే దొరకదు, అందుకే పాలసీలో ఏ పంటకైనా ఒకే దేశానికి సగానికి మించి పోతుంటే అది ప్రమాదం అని రాసుకుని, బాగా నడిచే రోజుల్లోనే రెండో మార్కెట్‌కి కావాల్సిన సర్టిఫికెట్లు మొదలుపెట్టాలి.

కొనే దేశం కూడా తలుపు వేసుకోవచ్చు, అదీ గుర్తుండాలి. 2025 మార్చి చివర్లో తెలంగాణ నుంచి ఎంటీయూ 1010, అదే మన కాటన్ దొర సన్నాలు, 12,500 టన్నులు కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కి బయల్దేరాయి, మంచి ప్రయత్నం. సెప్టెంబర్ కల్లా ఫిలిప్పీన్స్ వాళ్లే తమ రైతుల కోసం బియ్యం దిగుమతులు ఆపారు.

బిల్డింగులు, రైళ్లు ఎప్పుడు

పంట రెడీగా ఉన్నచోటికి. అనంతపురం అరటి చూడండి. ముందు డ్రిప్ వచ్చింది, ల్యాబులో పెంచిన (టిష్యూ కల్చర్) జీ9 రకం మొక్కలు వచ్చాయి, గెలలకి కవర్లు తొడగడం, కాయ నేలకి తగలకుండా కోసి మోసుకురావడం రైతులు, కూలీలు నేర్చుకున్నారు, కంపెనీలు తోట దగ్గరే కొనడం మొదలైంది. ఇవన్నీ అయ్యాక 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 ఏసీ కంటైనర్లలో 980 టన్నుల అరటితో ముంబై జేఎన్‌పీటీ పోర్టుకి రైలు వెళ్లింది. రైలు ముందు వేసి అరటి కోసం ఎదురుచూసి ఉంటే అది ఖాళీగా తిరిగేది. చాలాచోట్ల జరుగుతున్నది అదే, ఆ చుట్టుపక్కల ఎగుమతికి పనికొచ్చే పంట ఉందో లేదో చూడకుండా ప్యాక్‌హౌస్ (సరుకు ఏరి ప్యాక్ చేసే షెడ్డు) కట్టి తాళం వేస్తారు.

మామిడికి మాత్రం ట్రీట్‌మెంట్ సెంటర్ నిజంగానే అవసరం. అమెరికాకి పంపాలంటే 2007 నుంచి రేడియేషన్ ట్రీట్‌మెంట్ తప్పనిసరి, జపాన్‌కి వేడి ఆవిరి ట్రీట్‌మెంట్, 2014 మేలో పండు ఈగ వల్ల యూరప్ మన మామిడి మొత్తాన్నీ ఆపేసి 2015 జనవరిలో గానీ మళ్లీ ఒప్పుకోలేదు. బంగినపల్లి సీజన్ చిన్నది, ట్రీట్‌మెంట్ కోసం పక్క రాష్ట్రానికి లారీలో తిరిగితే పండు వయసు అక్కడే సగం అయిపోతుంది. చిత్తూరు తోతాపురి సమస్య వేరు, అది పల్ప్ పంట, 2025లో పల్ప్ ఫ్యాక్టరీలు కొనక రేటు పడిపోతే కిలో 12 రూపాయలని, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని లెక్క కట్టాల్సి వచ్చింది. అలాంటి చోట కావాల్సింది సీజన్‌కి ముందే ఫ్యాక్టరీకీ రైతు సంఘానికీ రాతపూర్వక కాంట్రాక్టు, మాట తప్పితే జిల్లాలోనే తేల్చే యంత్రాంగం.

సబ్సిడీ గురించి

ఎగుమతి చేసినందుకు నేరుగా డబ్బిచ్చే పద్ధతికి కాలం చెల్లింది. 2015 డిసెంబర్లో నైరోబీలో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) దేశాలు వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలు ఆపేయాలని ఒప్పుకున్నాయి, రవాణా, మార్కెటింగ్ ఖర్చులకి మనలాంటి దేశాలకి ఇచ్చిన వెసులుబాటు కూడా 2023 చివరితో అయిపోయింది. ఇచ్చినా అవతలివాడు లెక్క కట్టి తిరిగి వసూలు చేస్తాడు, 2024లో అమెరికా మన రొయ్యల మీద సబ్సిడీల పేరుతో చాలా కంపెనీలకి 5.77 శాతం అదనపు సుంకం వేసింది. అదే డబ్బు ల్యాబులు, పరిశోధన, రోగ నిఘా, రోడ్ల మీద పెడితే గొడవే లేదు, డబ్ల్యూటీఓ కూడా వాటిని ఒప్పుకుంటుంది.

అసలు కొన్నిసార్లు డబ్బుతో పనే ఉండదు. వియత్నాం 1988లో పదో నంబర్ తీర్మానంతో సహకార సంఘాల భూమిని కుటుంబాల సాగుకి ఇచ్చి, పండించింది అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చింది, అంతకుముందు బియ్యానికి కటకటలాడిన దేశం 1989లో దాదాపు 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. మనకి దానికి సరిపోయేది కౌలు రైతు విషయం. పేరు మీద కాగితం లేని కౌలు రైతు తోట రిజిస్ట్రేషన్ చేయించుకోలేడు, బ్యాంకు అప్పు రాదు, సర్టిఫికెట్ రాదు, గుంటూరు, పల్నాడులో మిరప వేసేవాళ్లలో ఎంతమంది కౌలుదార్లో అక్కడివాళ్లకి తెలుసు. ఎగుమతి రిజిస్ట్రేషన్‌కి భూమి పాస్‌బుక్ అడక్కుండా సాగుచేస్తున్నట్టు ఊరి స్థాయిలో ఇచ్చే సర్టిఫికెట్ చాలని ఒక జీవో ఇస్తే చాలు.

మీ జిల్లాలో మొదలుపెట్టాలంటే

ఒక్క పంట ఎంచుకోండి, రెండు కూడా వద్దు. యూరప్ వాళ్లు తిప్పి పంపిన సరుకుల వివరాలు రాస్ఫ్ (RASFF) అనే పోర్టల్‌లో అందరికీ కనిపించేలా పెడతారు, దాంట్లో ఇండియా, మీ పంట అని కొట్టి గత ఐదేళ్లవి దించుకోండి, ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే మీ పాలసీ నోట్‌లో సగం అక్కడే దొరుకుతుంది. తర్వాత ఆ పంట కొనే ఎగుమతిదార్లని ఇద్దరు ముగ్గురిని, సరుకు వెనక్కి వచ్చినవాళ్లనే చూసి కూర్చోబెట్టండి, వాళ్లు సభల్లో చెప్పనివి అక్కడ చెప్తారు. హార్టికల్చర్, మార్కెటింగ్, స్పైసెస్ బోర్డు లేదా అపెడా లేదా రొయ్యలు, చేపల ఎగుమతులు చూసే ఎంపెడా, ప్లాంట్ క్వారంటైన్, కస్టమ్స్, వీళ్లందరి ఫోన్ నంబర్లు ఉన్న ఒక్క ఆఫీసర్‌ని బాధ్యుడిగా పెట్టి కనీసం మూడు సీజన్లు ట్రాన్స్‌ఫర్ చెయ్యకుండా ఉంచమని కలెక్టర్ గారిని అడగండి. మొదటి సీజన్‌లో రెండు మూడు వందల మంది రైతులు చాలు, ఎన్ని టన్నులు పోయాయి అనే లెక్కతో పాటు ఎన్ని శాంపిల్స్ పాస్ అయ్యాయి, పాస్ అయిన రైతుకి క్వింటాకి యార్డు రేటు మీద ఎంత ఎక్కువ చేతికొచ్చింది అనే రెండు లెక్కలు కూడా రాయండి, రెండోది సున్నా అని తేలితే విస్తరించకుండా ఆగి, ఆ ఎక్కువ డబ్బు మధ్యలో ఎవరి దగ్గర ఆగిందో ముందు కనుక్కోండి.